గవ్వ రెక్క కింద గాయం: ఒక డైరీ

మా ఇల్లు విశాఖపట్నంలో గోపాలపట్నం వైపు ఉంది. పెరట్లో నిలబడితే సింహాచలం కొండ కనిపిస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు కూలిపోయిన పాత వేపచెట్టు స్థానంలో మేము నాటిన వేపమొక్క ఇప్పుడు నీడనిచ్చే చెట్టయింది. మా కోళ్ల గూడు దాని కిందే ఉంది. అందులో ఒక పుంజు, మూడు పెట్టలు ఉంటాయి. నాలుగూ బాంటమ్ కోళ్లే. బాంటమ్ అనేది ఒక జాతి పేరు కాదు. జావా దీవిలోని బాంటెన్ రేవు పేరు మీదుగా వచ్చి, పొట్టి కోళ్లన్నింటికీ స్థిరపడిపోయిన మాట. పుంజును దొర అని, పెట్టలను మిరియం, జొన్న, గవ్వ అని పిలుచుకుంటాము. అందరిలోకి చిన్నదైన గవ్వకు ఆగస్టులో తగిలిన గాయం రెండు నెలల పాటు మానకుండా మమ్మల్ని వేధించింది. ఆ రోజుల్లో నేను రాసుకున్న పుస్తకంలోని వివరాలను ఇక్కడ క్రమంగా పెడుతున్నాను.

1వ రోజు, ఆగస్టు 6

గూడు తలుపు తీయగానే అందరికంటే ముందు బయటికి దూకే గవ్వ ఈ రోజు అందరి తరువాత వచ్చింది. వచ్చినది గింజల దగ్గరికి పోకుండా, ఎడమ రెక్కను కొద్దిగా జార్చి గోడ పక్కన నిలబడింది. ఎత్తుకుంటే సన్నగా వాసన వచ్చింది. రెక్క ఎత్తి చూస్తే, పక్కటెముకల మీదుగా తొడ వైపు చర్మం చీలి, ఒక అంచు మడత పడి ఉంది. రక్తం గడ్డకట్టి ఈకలను అతికించేసింది. ఆ ఈకల మొదళ్లలో బియ్యపు నూకల కంటే సన్నగా, తెల్లగా గుత్తులుగా ఈగ గుడ్లు కనిపించాయి. చీలిక ఈ ఉదయానిది కాదని, నిన్నటిదై ఉండవచ్చని వాసనను, గడ్డకట్టిన రక్తాన్ని బట్టి అనుకున్నాను. ఈకల కింద దాగి ఉండడం వల్ల నిన్న నేను దాన్ని చూసి కూడా చూడలేకపోయాను.

కారణం వెతకడానికి ఎక్కువ సేపు పట్టలేదు. పుంజు పెట్టను తొక్కేటప్పుడు కాళ్లతో వీపును, రెక్కలను పట్టుకుని నిలదొక్కుకుంటుంది. కాలిముల్లు పెరిగిన పుంజు ఒక పక్కకు జారితే ఆ ముల్లు నేరుగా రెక్క కింది మెత్తని చర్మంలోకి దిగుతుంది. సాధారణంగా ఒక పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలు ఉండాలంటారు. మా దొరకు మూడే ఉన్నాయి, అందులోనూ గవ్వ అతనికి ఇష్టమైనది. ఈ లెక్క నాకు ముందే తెలుసు, అయినా పట్టించుకోలేదు.

వంటింటి తక్కెడ మీద గవ్వ బరువు 640 గ్రాములు తూగింది. ఒక లీటరు నీటిని మరిగించి, 9 గ్రాముల ఉప్పు కలిపి, చేతికి కాస్త వెచ్చగా తగిలేంత వరకు చల్లార్చాను. కోడి ఒంటి వేడి 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది కాబట్టి మనకు గోరువెచ్చన అనిపించే నీళ్లు దానికి చల్లనివే. సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజితో ఆ నీటిని ధారగా కొట్టి రక్తపు గడ్డలను కరిగించాను. గాయం చుట్టూ వేలెడంత మేర ఈకలను చిన్న కత్తెరతో కత్తిరించాను, పీకలేదు. ఈగ గుడ్లను పట్టకారుతో ఒక్కొక్కటిగా తీయడానికి నలభై నిమిషాలు పట్టింది.

ఆ సేపంతా అమ్మ గవ్వను తువ్వాలులో చుట్టి, తల మీద గుడ్డ కప్పి ఒడిలో పట్టుకుంది. కళ్లకు చీకటి పడితే కోడి చాలా వరకు శాంతిస్తుంది. అయితే ఆ తువ్వాలును బిగించి చుట్టకూడదు. మనకున్నట్లు పక్షులకు ఊపిరితిత్తుల కింద కండరపు పొర ఉండదు. రొమ్ము ఎముక ముందుకు వెనక్కు కదిలితేనే వాటికి గాలి ఆడుతుంది. రొమ్మును గట్టిగా నొక్కి పట్టుకుంటే, కోడి కదలకుండా ఉన్నదనుకున్న క్షణంలోనే ఊపిరి ఆగిపోవచ్చు.

చివరగా క్రిములను చంపే మందు, 5 శాతం పోవిడోన్ అయొడిన్‌ను నీళ్లు కలపకుండా నేరుగా పోశాను.

2వ రోజు, ఆగస్టు 7

గవ్వకు వేరే గది కావాలి. ఎరుపు కనిపిస్తే మిగిలిన కోళ్లు పొడుస్తాయి, పొడవడం మొదలైతే ఆగవు. రైతుబజారులో అడిగి తెచ్చుకున్న రెండు టమాటా క్రేట్లను మూతికి మూతి ఆనించి ప్లాస్టిక్ పట్టీలతో బిగించి, ఒక పక్క తలుపుకు సరిపడా కోశాను. పూర్ణా మార్కెట్లో కొన్న దోమతెర గుడ్డను దాని మీద రెండు పొరలుగా కప్పాను. ఈగలను ఆపడానికి అది అవసరం. కోళ్ల మశూచిని దోమలు మోసుకొస్తాయి కాబట్టి దోమలకు కూడా అవసరమే. అడుగున గడ్డి వేయలేదు, పాత వార్తాపత్రికలు పరిచాను. రోజుకు రెండు సార్లు మార్చాలి. ఈ పెట్టెను పెద్ద గూటికి ఆనించి, మిగిలిన కోళ్లు కంటికి కనిపించేలా పెట్టాను. కొన్నాళ్లు కనబడకుండా పోయిన కోడిని గుంపు మళ్లీ కొత్తదానిలాగే చూస్తుంది.

4వ రోజు, ఆగస్టు 9

ఎంత వెతికి తీసినా కొన్ని గుడ్లు మిగిలిపోయినట్లున్నాయి. ఈ ఉక్కపోతలో అవి పొదగడానికి ఒక రోజు కూడా అక్కరలేదు. గాయం లోపలి అంచున మూడు సన్నని పురుగులు కదులుతూ కనిపించాయి. ఉప్పునీటి ధారతో బయటికి తెప్పించి పట్టకారుతో తీశాను. గంట తరువాత మళ్లీ చూస్తే ఇంకొకటి, సాయంత్రం చూస్తే ఏమీ లేదు.

పశువుల మందుల దుకాణంలో టర్పెంటైన్ నూనె పూయమని సలహా ఇచ్చారు. పశువుల పుళ్లలో పురుగులు పడితే పల్లెల్లో ఆ పని చేయడం నేను చిన్నప్పటి నుంచి చూశాను. కానీ నాలుగు వందల కిలోల ఎద్దు తట్టుకునేది, ఆరు వందల గ్రాముల పక్షి పచ్చి మాంసం మీద పోస్తే తట్టుకుంటుందని అనుకోలేకపోయాను. అది చర్మాన్ని కాల్చుతుంది, దాని ఆవిరి పక్షుల ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఫినైలు విషయంలోనూ అదే మాట. ఉప్పునీరు, పట్టకారు, ఓపిక ఉంటే నాలుగు పురుగులకు నూనెతో పని లేదు.

7వ రోజు, ఆగస్టు 12

నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెబుతాను. కంటి అంచనాను నమ్మడం నాకు ఇష్టం లేదు. మొదటి రోజు రాత్రే పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని గాయం మీద ఉంచి అంచు గీసి, దాన్ని గ్రాఫు కాగితం మీద పెట్టి గడులు లెక్కపెట్టాను. అప్పుడు 380 చదరపు మిల్లీమీటర్లు వచ్చింది. ఈ రోజు 372. వారం రోజుల సేవకు ఇది ఏమీ కాదు.

ఈ వారంలో నేను చేసినది ఇది. రోజుకు రెండు పూటలా 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురుగు పొంగనిచ్చాను, దాని మీద చిక్కని అయొడిన్ పోశాను, రాత్రి పూట అమ్మ మాట మీద పసుపు ముద్ద పెట్టాను. "పసుపు ఉంటే ఈగ వాలదు నాయనా" అని అమ్మ అన్నది. విజయనగరం జిల్లాలోని మా అమ్మమ్మ ఊళ్లో గంపల కింద పెరిగిన కోళ్లన్నింటికీ అదే వైద్యం. పసుపు మీద నాకు గౌరవమే ఉంది. అయితే అది ఎండి పెంకులా బిగుసుకుపోయి, తీసినప్పుడల్లా కొత్తగా వచ్చిన పొరను వెంట తీసుకుపోయింది. పైగా చుట్టూ పసుపు రంగు అంటుకోవడం వల్ల చర్మం ఎర్రబడిందో చీము పట్టిందో తెలుసుకునే వీలు పోయింది. గాయం అంచులు తెల్లగా, తోలులా ఎండిపోయి ఉన్నాయి. బరువు 605 గ్రాములకు తగ్గింది.

8వ రోజు, ఆగస్టు 13

గవ్వను వైద్యశాలకు తీసుకెళ్లాను. కోళ్లు తెలిసిన డాక్టరు గారు ఉన్నారని విని, వరుసలో రెండు గంటలు వేచి ఉన్నాను. ఆయన గాయాన్ని చూసి, నేను ఏమేమి వాడానో అడిగి, నేను చెప్పినది పూర్తిగా విని, "మీరు గాయాన్ని రోజుకు రెండు సార్లు కొత్తగా చేస్తున్నారు" అన్నారు. కోపంగా అనలేదు. అయినా ఇంటికి వచ్చే దారంతా ఆ మాటే వినిపించింది.

ఆయన వివరించిన దానికి నా పాఠ్యాంశం తోడై విషయం స్పష్టమయింది. పెరాక్సైడ్ పొంగడానికి కారణం జీవకణాల్లోని కాటలేజ్ అనే ఎంజైము. అది సూక్ష్మజీవుల కణాల్లోనూ ఉంటుంది, గవ్వ కణాల్లోనూ ఉంటుంది. నురుగు ఎక్కువ రావడం అంటే క్రిములు ఎక్కువ చస్తున్నాయని అర్థం కాదు. గాయాన్ని పూడ్చడానికి వచ్చిన లేత కణాలను ఆ మందు తేడా చూడకుండా చంపుతుంది. అయొడిన్ విషయం ఇంకా ఆసక్తికరమైనది. పోవిడోన్ అయొడిన్‌లో క్రిములను చంపేది పోవిడోన్ అనే పాలిమర్ పట్టు నుంచి విడిపోయిన స్వేచ్ఛా అయొడిన్. ద్రావణాన్ని పలచబరిచే కొద్దీ ఆ పట్టు సడలి, 0.1 శాతం దగ్గర స్వేచ్ఛా అయొడిన్ గరిష్ఠమవుతుంది. అంటే నేను పోసిన చిక్కని మందు కణాలకు ఎక్కువ చేటు చేస్తూ, క్రిముల మీద తక్కువ పని చేసింది. 5 శాతం మందు 2 మిల్లీలీటర్లను 98 మిల్లీలీటర్ల ఉప్పునీటిలో కలిపితే లేత టీ రంగు వస్తుంది. డాక్టరు గారు చెప్పిన రంగు కూడా అదే. ఎన్నో ఏళ్లుగా సమతాస్థితి పాఠం చెబుతున్న వాడిని, సీసా మూత తీసేటప్పుడు అది గుర్తుకు రాకపోవడం నన్ను బాధించింది.

గాయం ఎండాలన్న నమ్మకాన్ని కూడా ఆయన మాన్పించారు. 1962లో జార్జ్ వింటర్ పందిపిల్లల చర్మం మీద చేసిన ప్రయోగాన్ని నేచర్ పత్రికలో ప్రకటించారు. పలుచని ప్లాస్టిక్ పొరతో కప్పి తడి నిలిపిన గాయాల మీద కొత్త చర్మం, గాలికి ఎండి పెచ్చు కట్టిన గాయాల కంటే దాదాపు రెండింతల వేగంగా పాకింది. కొత్త కణాలు ఎండిన పెచ్చు కింద దారి వెతుక్కోవాలి, తడి నేల మీద అయితే నేరుగా పాకగలవు.

తేనె గురించి అడిగాను. ఇక్కడ విశాఖపట్నమే కేంద్రంగా 1956 నుంచి నడుస్తున్న గిరిజన సహకార సంస్థ వారి తేనె సీసా మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. తేనె గాయాలకు మంచిదన్న మాట నిజమేనని, అయితే గాయాలకు వాడే తేనెను గామా కిరణాలతో శుద్ధి చేస్తారని, తినే తేనెలో క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే, విషం చేసే క్రిమి బీజాలు ఉండే అవకాశం ఉందని, ఆ విషానికి కోళ్లు మెడలు వాల్చేస్తాయని డాక్టరు గారు చెప్పారు. ఆ సీసాను అల్పాహారానికే ఉంచాము.

చివరికి రాసిచ్చినవి: పూటకు ఒకసారి ఉప్పునీరు, పలచని అయొడిన్, తరువాత క్రిములను అణచే సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీమును పలుచగా, ఈకలకు అంటకుండా పూయడం, నొప్పికి బరువును బట్టి మెలోక్సికామ్ చుక్కలు నాలుగు రోజులు. యాంటీబయాటిక్ ఇవ్వలేదు. గాయం చుట్టూ వాపు గానీ, వేడి గానీ లేనప్పుడు అనవసరమన్నారు.

12వ రోజు, ఆగస్టు 17

290 చదరపు మిల్లీమీటర్లు. గాయం అడుగున గులాబీ రంగులో, చిన్న చిన్న గింజల్లా కొత్త మాంసం నిండుతోంది. నాలుగు రోజులుగా నేను చేసిన పని చాలా తక్కువ. చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు అన్నింటికంటే కష్టమయింది.

ఆహారం మార్చాము. చర్మం, ఈక రెండూ మాంసకృత్తులతో కట్టేవే. గుడ్ల కోళ్ల దాణాకు తోడుగా ఉడికించిన గుడ్డు, వారానికి మూడు సార్లు ఉప్పు లేకుండా ఉడికించిన నెత్తళ్లు, సన్నగా తరిగిన మునగాకు పెడుతున్నాము. చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు) గవ్వకు ప్రాణం, కానీ వాటితోనే కడుపు నిండితే మిగిలినవి ముట్టదు. అందుకే సాయంత్రం గుప్పెడు మాత్రమే.

16వ రోజు, ఆగస్టు 21

165. బరువు 628.

ఈ రోజు దొర సంగతి చూశాను. కాలిముల్లు మధ్యలో రక్తనాళాలున్న ఎముక ఉంటుంది, కాబట్టి కొన మాత్రమే తీయాలి. ముందు వెలుతురుకు పట్టి నీడ ఎక్కడి వరకు ఉందో చూసి, ఆకురాయితో నాలుగు మిల్లీమీటర్లు అరగదీసి కొనను గుండ్రంగా చేశాను. పెట్టల కోసం వీపు గుడ్డ కుట్టే పని అమ్మ తీసుకున్నది. పాత జీన్స్ గుడ్డను అరచేతి కంటే కొంచెం పెద్దగా, ముందు సన్నగా వెనక వెడల్పుగా కత్తిరించి, రెండు రెక్కల మొదళ్లలోకి పోయేలా ఎలాస్టిక్ ఉచ్చులు కుట్టింది. మొదటి దానిలో ఉచ్చు బిగువై జొన్న వెనక్కి వెనక్కి నడిచింది. ఉచ్చులోకి చిటికెన వేలు సులువుగా దూరేలా వదులు చేశాక మామూలుగా తిరిగింది.

20వ రోజు, ఆగస్టు 25

40 చదరపు మిల్లీమీటర్లే మిగిలింది. మిగిలిన చోట లేత గులాబీ చర్మం మెరుస్తోంది. మా ఇద్దరికీ సంతోషంగా ఉంది. ఇంకో నాలుగు రోజుల్లో గుంపులో కలిపేయవచ్చని ఈ పుస్తకంలోనే రాసుకున్నాను.

23వ రోజు, ఆగస్టు 28

ఆ మాట కొట్టివేయవలసి వచ్చింది. గాయం పైన మూసుకున్నది, కానీ తొడ వైపు మూలలో చర్మం కింద బఠాణీ గింజంత గడ్డ చేతికి తగులుతోంది. చుట్టూ వేడిగా ఉంది. గవ్వ అటు వైపు ముక్కు తిప్పి అదే పనిగా గీరుతోంది.

మళ్లీ వైద్యశాలకు వెళ్లాము. డాక్టరు గారు కొత్త చర్మాన్ని కొన్ని మిల్లీమీటర్ల మేర తెరిచి, నొక్కకుండా లోపలి నుంచి ఒక పసుపు పచ్చని ముద్దను బయటికి తీశారు. ఉడికిన గుడ్డు సొనలా గట్టిగా, పొడిగా ఉంది. కోడి చీము మన చీములా కారదు. మన తెల్ల రక్తకణాల్లో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము చీమును ద్రవంగా మార్చడంలో తోడ్పడుతుంది. కోళ్లలో ఆ కణాల స్థానంలో ఉండే హెటరోఫిల్ కణాల్లో ఆ ఎంజైము లేదు. అందువల్ల చీము జున్నులా గడ్డకట్టి అక్కడే ఉండిపోతుంది. పిండితే రాదు, ఆరదు, ఇంకదు. ఎత్తి తీయవలసిందే.

ఈసారి ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఐదు రోజులకు రాశారు. ఈ మందు గురించి నాకు మనసులో సందేహం ఉండేది. మనుషులకు వాడే మందుల కుటుంబానికే చెందినది కాబట్టి, క్రిములు దానికి అలవాటు పడతాయన్న భయంతో అమెరికా 2005లో కోళ్ల పెంపకంలో దాని వాడకాన్ని ఆపేసింది. ఆ సంగతి అడిగితే, అది వేల కోళ్లకు నీళ్లలో కలిపి పోసే అలవాటుకు సంబంధించినదని, ఒక్క జీవికి, చీము కళ్లారా కనిపించాక, తూకం ప్రకారం పూర్తి కాలం ఇవ్వడం వేరని డాక్టరు గారు చెప్పారు. ఆ మాట నాకు సబబుగా తోచింది. మందు గుడ్లలోకి దిగుతుంది కాబట్టి తాను చెప్పే వరకు గవ్వ గుడ్డు తినకూడదన్నారు. గవ్వ గాయపడిన నాటి నుంచి గుడ్డు పెట్టలేదు. పెట్టినా మందారం మొదట్లో పాతేయాలని నిర్ణయించాము.

31వ రోజు, సెప్టెంబరు 5

మూసుకున్నది. గడ్డ లేదు. వేడి లేదు. నేను ఈసారి ఏమీ రాసుకోలేదు, చూస్తున్నాను.

35వ రోజు, సెప్టెంబరు 9

అదే మూల మళ్లీ ఉబ్బింది.

ఈ రోజు నిజంగా నీరసం వచ్చింది. గవ్వ బరువు 620. మందులు రాసినట్లే వేశాము, పెట్టె శుభ్రంగా ఉంది, ఈగలు లేవు. ఏం తప్పు జరుగుతోందో తెలియక పుస్తకం మొదటి నుంచి చదివాను. మొదటి రోజు గీసిన ప్లాస్టిక్ కాగితం మీద ఈ రోజు కాగితాన్ని ఉంచి చూస్తే, ఉబ్బిన చోటు రెండు సార్లూ ఒకే బిందువు దగ్గర ఉంది, మిల్లీమీటరు తేడా కూడా లేదు.

అమ్మ గవ్వను ఒళ్లో పెట్టుకుని చాలా సేపు చూసింది. "ముక్కుతో ఎప్పుడూ ఒక్క చోటే గీరుతోంది నాయనా. మా నాన్న ఎద్దు డెక్క పైన ఇలాగే మూడు నెలలు పుండు మానలేదు. చివరికి చూస్తే తుమ్మముల్లు లోపలుంది. ముల్లు లోపలుంటే పైన ఎంత పూసినా ఏం లాభం?" అన్నది. నేను చదరపు మిల్లీమీటర్లు తగ్గడం చూసి సంతోషపడుతూ ఉంటే, అమ్మ గవ్వ ముక్కు ఎటు పోతోందో గమనించింది. నా గీతల్లో ఉన్న విషయాన్నే అమ్మ తన కళ్లతో చెప్పింది.

36వ రోజు, సెప్టెంబరు 10

రెండు ప్లాస్టిక్ కాగితాలనూ వెంట తీసుకెళ్లి డాక్టరు గారికి చూపించాను. అమ్మ చెప్పినదీ చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు, లోపల వెతుకుదామన్నారు.

మత్తు మందు లెక్క నాకు చూపించి మరీ వేశారు. పక్షులకు లిగ్నొకేయిన్ కిలోకు 4 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవడం తన పద్ధతి అన్నారు. గవ్వ 620 గ్రాములు కాబట్టి దాదాపు 2.5 మిల్లీగ్రాములు. 2 శాతం మందులో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే మొత్తం 0.12 మిల్లీలీటరు, రెండు మూడు కంటి చుక్కలంత. దాన్ని ఉప్పునీటితో పలచబరిచి చుట్టూ మూడు చోట్ల ఇచ్చారు. ఇంట్లో నొప్పి తగ్గించే క్రీములు ఇష్టం వచ్చినట్లు పూయడం ఎంత ప్రమాదమో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. మనిషి వేలి మీదికి తీసుకునే క్రీము ఈ పక్షికి ఎన్నో రెట్లు.

సన్నని పట్టకారు తొడ కండరం పొర వెంబడి సెంటీమీటరు లోపలికి వెళ్లి దేన్నో పట్టుకున్నది. బయటికి వచ్చినది నల్లని ఈక కాడ ముక్క. కొలిస్తే 11 మిల్లీమీటర్లు. రెండు కొనలూ విరిగి ఉన్నాయి. అది గవ్వ సొంత ఈకే. దొర కాలిముల్లు దిగినప్పుడు ఆ ఈకను విరిచి, తన ముందు తోసుకుంటూ లోపలికి తీసుకుపోయి అక్కడ వదిలేసింది. నేను మొదటి రోజు ఉప్పునీరు కొట్టినది పైనున్న చీలికలోనే. దాని మూలన చర్మం కిందికి సాగిన ఈ ఇరుకు సొరంగం నాకు కనిపించలేదు. పైన గాయం మూసుకున్నప్పుడల్లా లోపలి ముక్క చుట్టూ చీము గడ్డకట్టి, మళ్లీ దారి చేసుకుని పైకి వచ్చింది.

సొరంగాన్ని మూడు సార్లు కడిగి, నోరు మూయకుండా వదిలేశారు. "పైన మూసుకోవాలని తొందరపడకండి. అడుగు నుంచి నిండే దాకా నోరు తెరిచే ఉండాలి" అన్నారు. రోజూ ఉప్పునీటితో లోపలి దాకా కడగడం, పైన పెచ్చు కడితే తడిపి తీయడం నా పని. ఇప్పటి వరకు ఏది జరగాలని కోరుకున్నానో, ఇప్పుడు దాన్నే జరగకుండా చూసుకోవాలి.

ఆ ఈక ముక్కను చిన్న గాజు సీసాలో వేసి పుస్తకాల అల్మారాలో పెట్టాను.

44వ రోజు, సెప్టెంబరు 18

సిరంజి మొన లోపలికి పోయే లోతును రాస్తున్నాను: 10 మిల్లీమీటర్లు, 8, 8, 5, 3. ఈ రోజు మొన నిలవడం లేదు. కడిగిన నీళ్లు శుభ్రంగా వస్తున్నాయి. గవ్వ అటు గీరడం మానేసి నాలుగు రోజులయింది. ముందు గమనించవలసినది అదేనని ఇప్పుడు రోజూ మొదట అదే రాస్తున్నాను.

52వ రోజు, సెప్టెంబరు 26

పైన మూసుకుని ఐదు రోజులు. వేలితో తడిమితే మెత్తగా, వెచ్చదనం రెండు పక్కలా ఒకేలా ఉంది. బరువు 651, మొదటి రోజు తూగిన దాని కంటే ఎక్కువ. గాయం చుట్టూ ముళ్ల ఈకలు నీలిరంగు తొడుగుల్లో పొడుచుకొస్తున్నాయి. వీటిలో రక్తం ప్రవహిస్తూ ఉంటుంది, విరిగితే బాగా కారుతుంది. అందుకే ఎత్తుకునేటప్పుడు ఆ పక్క చేయి వేయడం లేదు. నేను కత్తిరించిన ఈకల మొదళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. అవి ఈకలు రాలే కాలం వచ్చేదాకా కుదుళ్లలోనే ఉంటాయి, కొత్తవి అప్పుడే వస్తాయి.

55వ రోజు, సెప్టెంబరు 29

చీకటి పడ్డాక, అందరూ దండెం మీద సర్దుకున్న తరువాత గవ్వను మధ్యలో కూర్చోబెట్టాను. తెల్లవారుజామున ఐదింటికే వెళ్లి కాపలా కూర్చున్నాను. మిరియం రెండు సార్లు తల మీద పొడిచింది, గవ్వ తిరిగి ఒకటి వేసింది, అంతటితో ఇద్దరూ తౌడు గిన్నె దగ్గరికి పోయారు. పక్కపక్కనే పెట్టెలో ఉంచడం వల్లనే ఇంత సులువయిందని నా నమ్మకం. దొరను మాత్రం వలకు అవతలి వైపే ఉంచాను. సాయంత్రం గంటసేపు, పెట్టలు వీపు గుడ్డలు వేసుకున్నప్పుడు మాత్రమే వదులుతున్నాను. ఇంకో అయిదారు పెట్టలను తెచ్చే స్థలం మాకు లేదు కాబట్టి ఈ ఏర్పాటు ఇలాగే కొనసాగాలి. ఆకురాయి పని రెండు నెలలకొకసారి అని క్యాలెండరు మీద గుర్తు పెట్టాను.

61వ రోజు, అక్టోబరు 5

ఇన్ని రోజులు గవ్వకు బూడిద స్నానం లేదు. తెరిచిన గాయంలోకి బూడిద, మట్టి పోకూడదని, మిగిలిన కోళ్లు వేపచెట్టు కింది గుంటలో దొర్లుతుంటే గవ్వ పెట్టెలోని వార్తాపత్రిక మీదే పడుకుని, లేని మట్టిని రెక్కలతో ఒంటి మీదికి చల్లుకునేది. అది చూడడం చాలా కష్టంగా ఉండేది. ఈ రోజు డాక్టరు గారు తడిమి చూసి సరే అన్నారు. గుడ్ల సంగతి మాత్రం ఇంకో రెండు వారాలు ఆగమన్నారు.

అమ్మ పొయ్యి బూడిదను జల్లెడ పట్టి గుంటలో కొత్తగా పోసింది. గవ్వ దాని అంచున నిలబడి కాసేపు తల వంచి చూసింది. తరువాత ఎడమ పక్కకే ఒరిగి, ఆ రెక్కను పూర్తిగా విప్పి, బూడిదలోకి దిగింది.